సంవత్సరం కింద మూసీ

మీ పిల్లలు ఇంట్లో నోట్‌ప్యాడ్ తెరిచి టీఆర్, టీడీ అని టైప్ చేస్తుంటే అది ఆట కాదు, ఎనిమిదో తరగతి కంప్యూటర్ ప్రాజెక్టు. మన జిల్లా మీద ఒక వెబ్ పేజీ, అందులో ఒక పట్టిక.

మొదట రెండే నిలువు వరసలు: ఊరు, నది. అనంతగిరికి మూసీ, తాండూరుకు కాగ్నా. తాండూరు కందికి 2022లో జీఐ ట్యాగ్ వచ్చింది కదా అని ఒక గ్రూపు వాళ్లు మధ్యలో 'జీఐ సంవత్సరం' అనే వరస చేర్చారు. అనంతగిరికి రాయడానికి ఏమీ లేదు కాబట్టి అక్కడ గడి పెట్టలేదు. పేజీ తెరిస్తే సంవత్సరం కింద మూసీ! "మేడం, నది ఎందుకు జరిగింది?" అని క్లాసంతా ఒకటే నవ్వు.

ఎక్సెల్‌లో నిలువు వరసలు ముందే గీసి ఉంటాయి. హెచ్‌టీఎంఎల్‌లో అలా కాదు. టీఆర్ అంటే అడ్డు వరస, టీడీ అంటే అందులో ఒక గడి. నిలువుగా గడులను తనలో పెట్టుకునే ట్యాగే లేదు. బ్రౌజర్ ప్రతి అడ్డు వరసలో గడులను వరుసగా లెక్కపెట్టి, పై వరస కింద పేరుస్తుంది, అంతే. మధ్యలో ఒకటి లేకపోతే తర్వాతివి జరిగి ఆ చోటు నింపేస్తాయి. అందుకే కొత్త నిలువు వరస కావాలంటే ప్రతి అడ్డు వరస దగ్గరికీ వెళ్లాలి. రాయడానికి ఏమీ లేకపోయినా ఖాళీ టీడీ పెట్టి రావాలి.

నాలుగు ఊళ్లకైతే చేత్తో చేయొచ్చు. నలభై పేర్లుంటే జావాస్క్రిప్ట్ కావాలి. అక్కడ కూడా పిల్లలు ఉన్న వివరాలకే గడులు వేస్తారు. నేను పట్టుబట్టేది ఒక్కటే: ముందు శీర్షికల జాబితా రాయండి. ప్రతి వరసకూ ఆ జాబితా మొత్తం తిరగండి. వివరం ఉంటే రాయండి, లేకపోతే ఖాళీ గడి. ఆ తర్వాత జాబితాలో ఒక పేరు చేరిస్తే చాలు, పట్టిక తానే సర్దుకుంటుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, రేపు ఇదే పట్టికలో మార్కులు ఉండొచ్చు. జ్వరం వచ్చి లెక్కల పరీక్షకు రాని పాప గడి వదిలేస్తే, సైన్స్ మార్కులు లెక్కల కింద కనిపిస్తాయి. అప్పుడెవరూ నవ్వరు, ఆ పాపకు ఇంట్లో తిట్లు పడతాయి. పోనీ అని సున్నా పెట్టినా అన్యాయమే. పరీక్షకు రాకపోవడం వేరు, సున్నా రావడం వేరు. అందుకే ఆ గడిలో 'రాలేదు' అని రాయమన్నాను.

నెలాఖరుకు మీ పిల్లలు ఈ పేజీ మీకు చూపిస్తారు. చూసేటప్పుడు ఇంకో శీర్షిక చేర్చమని అడగండి, తాండూరు బండల గురించైనా సరే. అనంతగిరి వరసలో ఏం చేస్తారో గమనించండి.