తోడబుట్టినవారి భారము

పాఠశాల హాజరుపట్టీలో ప్రతి విద్యార్థికిని ఒక వరుస యుండును. ఆ వరుసలో అతని పేరే గాని అతని యన్న పేరుగాని చెల్లెలి పేరుగాని కానరాదు. అయినను ఏ బాలుడును, ఏ బాలికయు ఒంటరిగా బడికి రారు. ఇంట తోడబుట్టినవారి కష్టసుఖములను వెంటబెట్టుకొనియే వచ్చెదరు. అన్న త్రాగుడు మరగి రాత్రియంతయు ఇల్లు చేరకున్నచో మరునాడు తమ్మునికి లెక్కల పాఠము తలకెక్కదు. అక్కకు మనోవ్యాధి సోకినచో చెల్లెలు వచ్చిన పద్యమునైనను అప్పజెప్పజాలదు. అట్టి తమ్ములను, అట్టి చెల్లెండ్రను గూర్చియు, వారి కథలను వ్రాసిన గ్రంథకర్తలను గూర్చియు నాలుగు మాటలు చెప్పుటయే మా యుద్దేశము.

మేము ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించి యిరువది సంవత్సరములు దాటినది. శిక్షణ కళాశాలలో బాలుర మనస్తత్వమును చదువునప్పుడు, అల్లరివాని నెట్లు దారికి దేవలెను, వెనుకబడినవాని నెట్లు ముందుకు నడపవలెను అను విషయములు విరివిగా బోధింపబడెను. అల్లరి చేయనివానికి, వెనుకబడనివానికి, ఎవరికిని తొందర కలిగింపనివానికి కూడ ఒక కష్టముండునని మాత్రము తరగతులే మాకు నేర్పినవి. ఇంటిలో ఒక బిడ్డ దారి తప్పినను, జబ్బుపడినను తలిదండ్రుల చూపంతయు ఆ బిడ్డ మీదనే నిలుచును. అది సహజము, అందు తప్పు లేదు. కాని రెండవ బిడ్డ ఆ యింటిలోనే చీకటి మూల కూర్చుండి, తన వలన ఎవరికిని కష్టము కలుగరాదని, అడుగవలసినది అడుగక, ఏడ్వవలసినప్పుడు ఏడ్వక పెరుగుచుండును. “వీడు బుద్ధిమంతుడు, వీనితో మాకు బెంగ లేదు” అని పెద్దలు సంతసింతురు. ఆ మెప్పుదల వాని నోటికి మరియొక తాళమగును.

అనకాపల్లిలో చలికాలము వచ్చినదన్న పల్లెల గానుగలు తిరుగును. బెల్లపు మార్కెట్టు దిమ్మలతో నిండును. అట్టి దినములలో ఒక బాలుడు తరచు ఆలస్యముగా వచ్చుచుండెను. కూలికి పోవలసిన అన్న పోవుట మానివేయగా, ఆ కూలి డబ్బులు పోకుండుటకై వీడు వేకువనే మార్కెట్టునకు పోయి దిమ్మలు మోసి, కాలుచేతులు కడుగుకొని బడికి వచ్చుచుండెను. ఏలరా ఆలస్యమని యడిగిన, “అన్నకి జ్వరమండీ” అని బదులు చెప్పును. ఆ జ్వరము మూడు నెలలకైనను తగ్గలేదు. అది యే జ్వరమో మాకు తెలిసినను, వాడు మాత్రము అన్నను గూర్చి యొక్క చెడుమాట నోట రానీయలేదు.

ఒక శుక్రవారము చివరి గంటలో తరగతివారికి మేమొక అమెరికా నవల కథను తెలుగున చెప్పితిమి. టల్సా నగరమున ఎస్. ఇ. హింటన్ అను బాలిక హైస్కూలులో చదువుకొనుచుండగనే వ్రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ అను నవల అది. 1967 లో అచ్చయ్యెను. పెద్దలు చిన్నవారికై అల్లిన నీతికథగాక, ఆ వయసువారి కన్నులతోనే లోకమును చూపిన నవల యగుటచేత, కౌమార వయస్కుల నవలలకు ఇదియే దారి తీసినదని పలువురందురు. తలిదండ్రులు మోటారు ప్రమాదమున మరణింపగా ముగ్గురన్నదమ్ములు మిగిలిరి. పెద్దవాడు డారీ, వయసు 20 ఏండ్లు, పైచదువు ఆశ వదలుకొని కాయకష్టముతో తమ్ములను పోషించుచుండెను. చిన్నవాడు పోనీబాయ్, వయసు 14 ఏండ్లు. పెద్దవాడు గద్దించును, చిన్నవాడు ఎదిరించును. నడిమివాడగు సోడాపాప్ ఇద్దరిని నవ్వించుచు, ఇద్దరికి సర్దిచెప్పుచు తిరుగును. కథ ముగియవచ్చినప్పుడు ఆ నవ్వెడివాడే ఇంటినుండి పరుగెత్తిపోవును. వెంబడించి పట్టుకొనిన సోదరులతో, మీరిద్దరు నన్ను చెరియొక ప్రక్కకు లాగుచున్నారు, నేను తాళజాలనని విలపించును. అంతవరకు వానికొక దుఃఖము కలదని సోదరులకు తోచలేదు, చదువరికిని తోచదు. ఆ గ్రంథకర్త్రి నేర్పంతయు అచ్చటనే యున్నదని మా యభిప్రాయము.

గంట కొట్టిరి. పిల్లలందరును వెడలిపోయిరి. ఆ బాలుడు మాత్రము సంచి సర్దుకొనుచు నిలిచి, “మాస్టారూ, ఆ నడిమివాడి సంగతి తరవాత ఎవరైనా పట్టించుకున్నారాండీ?” అని యడిగెను. ముగ్గురును ఇకమీదట పోట్లాడుకొనమని మాట యిచ్చుకొని కలిసి యింటికి పోయిరని చెప్పితిమి. వాడు కొంతసేపు కిటికీ వైపు చూచి, “మా అన్నకి జ్వరం కాదండీ” అనెను. మూడు నెలలు మా ప్రశ్నలు తెరువలేని తలుపును ఒక కథ తెరచినది. పిమ్మట వాని తలిదండ్రులతో మాటలాడుటయు, అన్నను వైద్యునికి చూపించుటయు, వాని వేకువపని మాన్పించుటయు మెల్లమెల్లగా జరిగినవి. అన్న పూర్తిగా బాగుపడెనని చెప్పజాలము. తమ్ముడు మాత్రము వేళకు బడికి రాసాగెను.

కథకు ఈ శక్తి యెక్కడిది? తన యింటి సంగతి చెప్పుట బిడ్డకు ద్రోహముగా తోచును. పరుల యింటి సంగతి వినుట ద్రోహము కాదు. ఆ పరుల కథలో తన్ను తాను చూచుకొనినప్పుడు, ఇట్టి కష్టము లోకమున తనకొక్కనికే రాలేదని తెలియును. తనలో తాను దాచుకొనిన సిగ్గుమాలిన తలపు మరియొకరికిని కలిగినదని తెలియుటకంటె ఓదార్పు వేరొకటి లేదు.

ఆ తలపులను దాచక వ్రాసినవారిలో బెట్సీ బయర్స్ ఒకరు. వీరి ‘ది సమ్మర్ ఆఫ్ ది స్వాన్స్’ 1970 లో వెలువడి, మరుసటి యేడు న్యూబెరీ పతకమును పొందెను. 14 ఏండ్ల సారాకు చార్లీ యను తమ్ముడు గలడు. పసితనమున వచ్చిన జబ్బుచేత వాని మెదడు దెబ్బతిని, మాట రాదు. తమ్ముని హేళన చేసిన పిల్లమీద సారా నీళ్ళగొట్టము త్రిప్పి తడిపివేసినది. అంత ప్రేమగల సారాయే వాని వెంట తిరిగి తిరిగి విసుగుజెందును కూడ. ఒకనాటి రాత్రి చార్లీ హంసలను చూడబోయి తప్పిపోవును. వానిని వెదకు కొలదియు ఆమెకు తన హృదయము తనకే తేటపడును. ప్రేమయు విసుగును ఒకే మనస్సున కాపురముండుననియు, విసుగు కలిగినంతమాత్రమున ప్రేమ లేనట్లు కాదనియు ఈ కథ నేర్పుచున్నది.

సోన్యా సోన్స్ 1999 లో ప్రకటించిన ‘స్టాప్ ప్రిటెండింగ్’ చిన్న చిన్న కవితలుగా సాగిన గ్రంథము. క్రిస్మసు ముందటి రాత్రి అక్కకు మతి చలింపగా ఆసుపత్రిలో చేర్తురు. చెల్లెలు ఆ సంగతి స్నేహితురాండ్రకు చెప్పవలెనా వలదా యని తల్లడిల్లును. రేపు నాకును ఇట్లే యగునేమో యను భయము ఆమెను వెన్నాడును. గ్రంథకర్త్రి తన బాల్యమున తన యింట జరిగినదానినే ఆధారము చేసికొని వ్రాసిరి. అట్టి భయమును మన బాలికలు నోట చెప్పరు. పుస్తకమున చూచినప్పుడు మాత్రము పుట మీద వ్రేలుంచి నిలిచిపోవుదురు.

ఇట్టి కథలు పరదేశములకే చెల్లునని యెంచవలదు. 2022 సంవత్సరము ఏప్రిల్ 4 వ తేదీన ఏర్పడిన మన అనకాపల్లి జిల్లాలోనే సర్వసిద్ధి రాయవరము గలదు. గురజాడ అప్పారావుగారు 1862 లో జన్మించిన గ్రామమదియే. వీరి ‘కన్యాశుల్కము’ 1892 లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1909 లో క్రొత్తరూపమున వెలువడెను. చదువువారు గిరీశము మాటలకు నవ్వుదురు. మధురవాణి చాతుర్యమునకు మెచ్చుదురు. బుచ్చమ్మ యొద్ద ఆగువారు తక్కువ. ఆమె చిన్నతనముననే విధవయై పుట్టింట నున్నది. ఆమె చెల్లెలగు సుబ్బిని తండ్రి డబ్బునకై ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టనుండగా తల్లి నూతిలో దూకినది. ఇంటివారందరి దృష్టియు సుబ్బి పెండ్లిమీద నున్నది. అక్కగారి బ్రదుకు నెవరును తలంపరు, ఆమెయు తలంపదు. చెల్లెలికి తనవంటి గతి పట్టరాదన్నదే ఆమె చింత. ఆ చింతనే గిరీశము కనిపెట్టి, నీవు నా వెంట వచ్చిన చెల్లెలి పెండ్లి తప్పునని నమ్మించి యిల్లు దాటించెను. తుదకు సౌజన్యారావు పంతులుగారు అడ్డుపడి ఆమెను పూనాలోని వితంతువుల యాశ్రమమునకు పంపు నేర్పాటు చేయబట్టి మేలయ్యెను గాని, లేకున్న ఆమె గతి యేమగునో! తోడబుట్టినవారిని రక్షింపవలెనని తపించు హృదయము మోసగానికి సులభముగా చిక్కును. రహస్యముగా సాయము చేసెదనని వచ్చు గిరీశములు నేటికిని గలరు. బాలికలు దీనిని మరువరాదు.

ఆ కవియే వ్రాసిన పూర్ణమ్మ కథ మన పిల్లలెరిగినదే. డబ్బునకై వృద్ధున కీయబడిన యా పూజారి కూతురు కొలనులో ప్రాణము విడుచుటకు ముందు అన్నదమ్ములను పిలిచి, నలుగురును కూడి నవ్వుకొను వేళల తన పేరొకమారు తలచుకొనుడని వేడుకొనును. మేమా పాఠము చెప్పునప్పుడెల్ల పూర్ణమ్మను గూర్చి ప్రశ్నలడుగువారే గాని, ఆ తమ్ములు అటుపిమ్మట ఎట్లు నవ్విరని యడుగువారు లేరు. ఆ ప్రశ్నయే మాకు ముఖ్యమని తోచుచున్నది.

మన యూరనే 1929 లో జన్మించి, వైద్యురాలై, 1961 లో చిన్న వయసుననే కన్నుమూసిన పి. శ్రీదేవిగారు ‘కాలాతీత వ్యక్తులు’ అను నవలను వ్రాసిరి. అది 1957–58 లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికయందు వెలువడెను. అందలి ఇందిర మోయు భారము తోబుట్టువుది గాదు, బాధ్యత యెరుగని తండ్రిది. ఇంటివాని లోపమును తన భుజముల మోయు యువతి మనస్సు గట్టిపడు విధమును అందు చూడవచ్చును. పై తరగతులవారు తప్పక చదువదగినది.

ఇద్దరు కుమారుల ఉపమానము మన పాఠశాలలో వినని బిడ్డ లేడు. తప్పిపోయి వచ్చిన చిన్నవానిమీద మేము ప్రసంగములు చాల వింటిమి. పెద్దవాడు మాత్రము పొలమునుండి వచ్చి, లోపల వాద్యములు మ్రోగుచుండగా, వెలుపలనే నిలిచిపోయెను. తండ్రి విందు విడిచి వాని కొరకు వెలుపలికి వచ్చెను. పెద్దవాడు లోపలికి పోయెనో లేదో కథ చెప్పదు. తండ్రి వెలుపలికి వచ్చినాడన్నది మాత్రము చెప్పుచున్నది. తలిదండ్రులకు మా మనవి యిదియే: కష్టములోనున్న బిడ్డను చూచుకొనుచునే, దినమునకొక గడియయైనను రెండవ బిడ్డ యొద్దకు రండు. వాని చదువు, వాని ఆట, వాని కోపము అడిగి తెలిసికొనుడు. అన్నకు కావలి కాయుమని వానికి ఉద్యోగమీయకుడు.

విద్యార్థులారా! మీ యన్న త్రాగుట మీ తప్పు గాదు. మీ యక్కకు వచ్చిన మనోవ్యాధి గాలిగాదు, దయ్యముగాదు, శాపముగాదు. మధుమేహమువలె, క్షయవలె అదియు ఒక వ్యాధియే, వైద్యమునకు లొంగునదియే. విశాఖపట్టణమున ఇందుకై ప్రభుత్వ మానసిక వైద్యశాల గలదు. 2022 అక్టోబరు 10 వ తేదీన భారత ప్రభుత్వమువారు ప్రారంభించిన టెలీమానస్‌కు 14416 అను సంఖ్యతో రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. ఇంట దెబ్బలుగాని ఆపదగాని యున్నచో పిల్లల సహాయమునకై 1098 గలదు. అన్నిటికంటె ముందు, మీరు నమ్మిన యొక పెద్దవారితో చెప్పుడు. చెప్పుట తోబుట్టువును బయటపెట్టుట గాదు. ఇద్దరు మోయవలసిన కావడిని ఒక్కరే మోయకుండుట.

ఈ వయసువారి కొరకు, ఈ కష్టమును గూర్చి తెలుగున వ్రాయబడిన నవలలు మిక్కిలి అరుదు. ఆ కొరతను తీర్పవలసినవారు మీలోనే యుందురు. వచ్చు సంవత్సరపు సంచిక కొరకు కథలు వ్రాసి యిండు. పేర్లు మార్చుడు, ఊరు మార్చుడు, అన్నను అక్కగా చేయుడు. మనసులోని మాటను మాత్రము మార్చకుడు. పేరు వేయవలదని కోరినవారి కథను పేరు లేకయే అచ్చు వేయింతుము. దానిని చదివి ఏ బెంచీ చివరనో కూర్చున్న మరియొక బిడ్డ గంట కొట్టిన పిమ్మట తరగతిలో నిలిచిపోయినచో, ఆ కథ వ్రాసినవారి శ్రమ ఫలించినట్లే.