సగం భోజనం ఉందా?

కృష్ణా డెల్టాలో పుట్టినవారికి విస్తట్లో అన్నం వదలడానికి ప్రాణం ఒప్పదు. మెతుకు కింద పడితే ఏరి తీసే ఇళ్లలో పెరిగినవాళ్లం. ఆ మంచి అలవాటే హోటల్లో మన పెద్దలకు చిక్కు తెచ్చిపెడుతోంది.

మా అత్తగారికి 78 ఏళ్లు. మూడు నెలలకోసారి అవనిగడ్డలో బస్సెక్కించి, విజయవాడ సూర్యారావుపేటలో డాక్టరుకు చూపిస్తాం. రక్తపరీక్షలు, మందులు అయ్యేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఒకసారి దగ్గర్లోని హోటలుకు వెళ్తే ఫుల్ మీల్స్ టోకెను ఒక్కటే ఉంది. ఆవిడ తినగలిగేది రెండు గరిటెల అన్నం. "అమ్మాయ్, నీ దాంట్లోదే నాలుగు ముద్దలు పెట్టు" అన్నారు. ఒక భోజనం ఇద్దరు తినరాదని గోడ మీద బోర్డు! రెండు టోకెన్లు తీసుకున్నాం. వదిలితే పాపమని ఆవిడ అంతా తిని, బస్సులో దారి పొడవునా ఆయాసపడ్డారు. ఆ తరువాత హోటలు అంటేనే "ఆకలి లేదు" అని బన్నుతో సరిపెట్టుకోసాగారు. షుగరు మాత్ర వేసుకున్న మనిషి భోజనం మానితే ఎంత ప్రమాదమో మీకు తెలియనిది కాదు.

వయసు మీద పడేకొద్దీ కొంచెం తినగానే కడుపు నిండినట్లుంటుంది. వాసన, రుచి మందగిస్తాయి. దావీదు రాజు యెరూషలేముకు వచ్చి తన దగ్గర భోజనం చేయమంటే, 80 ఏళ్ల బర్జిల్లయి చెప్పుకున్న కారణాల్లో ఇదీ ఒకటి. అయితే తగ్గవలసింది అన్నమే గాని పప్పు, గుడ్డు, పెరుగు కావు. కండ కరిగే వయసులో మాంసకృత్తులు మరీ అవసరం.

హోటలువారి బాధా లేకపోలేదు. అద్దె, వంటవారి జీతాలు, గ్యాసు, అన్నీ సగం తిన్నా అంతే. సగం ధరకు వారికి గిట్టదు. ముప్పావు ధర తీసుకోమనండి, సంతోషంగా ఇస్తాం. బిర్యానీకి ఫుల్లు, హాఫు ఉండగా పప్పన్నానికి ఎందుకుండకూడదు? 2017లో ప్రధానమంత్రి రేడియోలో అన్నం వృథా గురించి మాట్లాడాక, కేంద్ర ఆహార మంత్రి రాంవిలాస్ పాశ్వాన్ హోటళ్లలో వడ్డించే కొలతల సంగతి ఎత్తారు. చివరికది హోటళ్ల ఇష్టానికే మిగిలింది. కాబట్టి అడగవలసింది మనమే, అదీ వడ్డించక ముందే.

ప్రస్తుతానికి మేము ఒక పార్శిల్ భోజనం కట్టించుకుని ఆసుపత్రి వరండాలో తింటున్నాం. పొట్లం ఇద్దరికీ చాలుతుంది. ఆవిడకు మాత్రం ఫ్యాను కింద, బల్ల దగ్గర కూర్చుని, వడ్డిస్తుంటే తినాలని ఉంటుంది.