పలక తలపైన, కొంగ తోకపైన

మార్కాపురం రోడ్ స్టేషన్‌లో రైలెక్కుతుంటే నాన్న చెప్పింది ఒకటే మాట: "పలక పగలగొట్టబాక." టోక్యో నిషికసాయిలో తమ్ముడి కూతురికి అక్షరాభ్యాసం. పలకల సీమ మార్కాపురం పక్కనే కొనకనమిట్లలో పుట్టి, మనవరాలి చేతికి ప్లాస్టిక్ పలక ఇస్తే పరువు పోతుందని ఆయన పట్టుదల. తువ్వాలులో చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను.

గిద్దలూరు, దిగువమెట్ట, చలమ, నల్లమల మొత్తం చీకట్లోనే దాటిపోయింది. తెల్లారి బెంగళూరు, సాయంత్రం జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం. ఎనిమిది గంటల ప్రయాణం, నేరుగా నరిటాకు. తోక మీద ఎర్రటి గుండ్రంలో రెక్కలు చాచిన కొంగ.

ఆ కొంగ ఒకసారి తోక దిగిపోయి మళ్లీ ఎక్కింది. 1951లో పుట్టిన ఈ సంస్థ 2010 జనవరిలో దివాలా తీసింది. క్యోసెరా కంపెనీ పెట్టిన కజువో ఇనమోరిని ప్రభుత్వం బతిమాలి తెచ్చి కూర్చోబెట్టింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, విమానాల వ్యాపారం తెలియదు, జీతం వద్దన్నాడు. పాత గుర్తు 2011లో తిరిగొచ్చింది, 2012 సెప్టెంబరుకల్లా సంస్థ మళ్లీ షేర్ మార్కెట్‌లో నిలబడింది. మధ్యలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఇనమోరిని పొగిడేవాళ్లు ఆ సంగతి ఎత్తరు.

విమానం కదలగానే కింద సిబ్బంది వరుసగా నిలబడి, వంగి నమస్కరించి, పెళ్లికూతురిని సాగనంపినట్టు చేతులూపారు. బాగుంది. అయితే నాకు మర్యాద కన్నా సీట్లు నచ్చాయి. 787 విమానంలో ఎకానమీ వరుసకు తొమ్మిది సీట్లు ఇరికించే సంస్థలే ఎక్కువ, వీళ్లు ఎనిమిదితో ఆపారు. కిటికీకి తెర లేదు, మీట నొక్కితే అద్దమే నల్లబడుతుంది. పక్క సీట్లో కొడుకు దగ్గరికి పోతున్న నంద్యాల పెద్దాయన చాలాసేపు దాంతోనే ఆడుకున్నాడు.

ప్రమాదమొస్తే సామాను వదిలేసి దిగాలని భద్రతా వీడియోలో చూపించారు. "మన బస్సు ఆగకముందే సంచులు దిగుతాయి గదప్పా," అన్నాడాయన. నవ్వాను గానీ నా కళ్లు పలక ఉన్న పైఅర మీదికే పోయాయి.

2024 జనవరి 2న హనెదాలో ఈ సంస్థ ఎయిర్‌బస్ ఎ350 దిగుతూ, రన్‌వే మీదున్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని అంటుకుంది. లోపల 379 మంది. మైకులు పనిచెయ్యలేదు, సిబ్బంది గొంతుతోనూ చేతి మెగాఫోన్లతోనూ కేకలేశారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడుకోగలిగారు. అయినా 18 నిమిషాల్లో అందరూ బయటపడ్డారు, సంచులు లోపలే కాలిపోయాయి. కోస్ట్‌గార్డ్ విమానంలో మాత్రం ఆరుగురిలో ఐదుగురు పోయారు.

ఆ క్రమశిక్షణ వాళ్ల రక్తంలోనే ఉందంటే నేను నమ్మను. 1985 ఆగస్టు 12న ఇదే సంస్థ జంబో విమానం కొండను గుద్దుకుంది. 520 మంది చనిపోయారు, నలుగురు బతికారు. అంతకు ఏడేళ్ల ముందు దాని తోక నేలకు రాసుకున్నప్పుడు బోయింగ్ వాళ్లు చేసిన మరమ్మతు సరిగా లేకపోవడమే కారణం. ఆ శకలాలను 2006 నుంచి హనెదాలో ఒక కేంద్రంలో ఉంచి సొంత ఉద్యోగులకు చూపిస్తున్నారు. తప్పును పాతిపెట్టకుండా పాఠం చేసుకున్నారు, నాకు తోచిన తేడా అదే.

భోజనంలో శాకాహారం తిన్నాం. కూర మనదే, చప్పన. ఊరగాయ తెచ్చుకోనందుకు పెద్దాయన తనను తానే తిట్టుకున్నాడు.

పొద్దున నరిటాలో దిగి ట్యాక్సీవే మీద పోతుంటే విమానాశ్రయంలోనే కూరగాయల చేను! 1966లో రైతులను అడక్కుండానే ఇక్కడ విమానాశ్రయమని ప్రభుత్వం ప్రకటించింది. గొడవలతోనే 1978 మేలో తెరిచారు. చివరిదాకా అమ్మనివాళ్లూ ఉన్నారు. వెలిగొండ ప్రాజెక్టు ముంపు ఊళ్లను ఎరిగినవాణ్ణి, ఆ కథ పెద్దాయనకు పూసగుచ్చినట్టు చెప్పాను.

అంతా విని, "ఈడ ఎకరా ఎంత ఉంటాదంటావు?" అన్నాడు.