ఆ రాత్రి నేనేసిన 9 మార్కులు

మా ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి అన్నం, టీవీ డిబేట్ రెండూ ఒకేసారి మొదలవుతాయి. నాయిన కంచం ఒళ్లో పెట్టుకుని రిమోట్ అందుకుంటాడు. నేను పాత కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పెన్ను తీస్తాను. ఎందుకంటారా? మార్కులు వేయడానికి.

ఇది నేను ఇంటర్ చదివేటప్పుడు మొదలైన ఆట. ఐపీఎల్ లేని రోజుల్లో టైంపాస్ అన్నమాట. స్క్రీన్ మీద నాలుగు కిటికీలు, మధ్యలో యాంకర్. ఒక్కో పార్టీ అధికార ప్రతినిధికి పదికి ఎన్నో నేనూ నాయినా విడివిడిగా రాసుకుంటాం. బ్రేక్‌లో పోల్చుకుంటాం. గొంతుకి రెండు, పంచ్‌కి మూడు, లెక్కలు చెబితే రెండు, కోపం తెచ్చుకోకపోతే రెండు, ఎదుటివాళ్ల నోరు మూయిస్తే ఒకటి. రూల్స్ నావే. నాయిన ఒప్పుకున్నాడు గానీ ఎప్పుడూ పాటించలేదు. ఆయన పార్టీ వాళ్లు నోరు తెరవకముందే ఏడు పడిపోయేవి.

రోజూ చూస్తే మీకూ తెలిసిపోతుంది, వీళ్లలో కొన్ని రకాలుంటాయి. ఒకాయన ఫైలు పట్టుకుని వస్తాడు. మాటిమాటికీ ఒక కాగితం తీసి కెమెరా ముందు ఊపుతాడు. దాని మీద ఏముందో మనకు కనపడదు, యాంకర్‌కీ కనపడదు. అయినా "ఆధారాలతో వచ్చిండు" అని నాయిన ఒక మార్కు కలుపుతాడు. ఇంకొకాయన "మీరు మాట్లాడుతుంటే నేను మధ్యలో వచ్చానా?" అని అవతలివాళ్ల మాటల మధ్యలోకి వచ్చి మరీ అడుగుతాడు. మూడో రకం "మీ హయాంలో" మనిషి. ఏ ప్రశ్న వేసినా జవాబు అక్కడే మొదలవుతుంది, అక్కడే ఆగిపోతుంది. నాలుగో రకం ఏమీ తోచనప్పుడు కాలర్‌కున్న మైకు పీకి లేచిపోతుంది.

2021 ఫిబ్రవరిలో ఒక తెలుగు చానెల్ లైవ్ డిబేట్‌లో ఏకంగా ఒక నాయకుడి మీద చెప్పు పడింది. గుర్తుందా? ఆ క్లిప్ మా క్లాస్ గ్రూపులో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. స్లో మోషన్‌లో, పాటలు కలిపి, మీమ్స్ చేసి. ఆ రోజు టాపిక్ ఏంటని ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. చెప్పు మాత్రం ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పగలను.

అప్పట్లో ఇందులో తప్పేముందో నాకు తెలియలేదు. తెలిసింది పోయినేడాది.

నాది సూర్యాపేట దగ్గర ఊరు. నాయిన ఆటో నడుపుతాడు. నా బీటెక్ సగం ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే నడిచింది. ఈ పథకం ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఉన్నప్పుడు మొదలైంది. నేను చేరినప్పుడు తెలంగాణలో నాలాంటి బీసీ విద్యార్థికి ఎంసెట్ ర్యాంకు 10 వేలు దాటితే ఏడాదికి 35 వేలు ప్రభుత్వం ఇచ్చేది, కాలేజీ ఫీజు అంతకుమించి ఉంటే మిగతాది మనం కట్టుకోవాల్సి వచ్చేది. మిగతాది నాయిన ఎప్పటికప్పుడు కట్టేశాడు. ప్రభుత్వం వంతు మాత్రం మొదటి రెండేళ్లదే కాలేజీకి చేరింది. మిగిలిన రెండేళ్లవి 70 వేలు పెండింగ్.

చదువు అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జాయినింగ్ రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమన్నారు. కాలేజీకి వెళితే ఆఫీసులో సార్ ఒకటే మాట. "70 వేలు కట్టు, తీసుకెళ్లు. గవర్నమెంట్ వేశాక మీకు వాపస్ ఇస్తాం." బతిమాలాను. "మేమూ లెక్చరర్లకు జీతాలివ్వాలి కదమ్మా" అన్నాడు. ఆయన మాటా అబద్ధం కాదు. అందుకే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియక బస్సెక్కి ఇంటికొచ్చాను.

సరిగ్గా ఆ వారంలోనే ఒక రాత్రి డిబేట్ టాపిక్ ఫీజు బకాయిలు. నాయిన సౌండ్ పెంచాడు. నేను మామూలుగానే కరెంటు బిల్లు తీశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణంలో మన మ్యాచ్ ఉన్న రోజులాగా హుషారుగా అనిపించింది.

అధికార పార్టీ ఆయన "ఇవి గత ప్రభుత్వం వదిలిపెట్టి పోయిన బకాయిలు" అన్నాడు. ప్రతిపక్షం ఆవిడ "ఎన్నికల ముందు మీరేం చెప్పారో వీడియో వెయ్యమంటారా?" అంది. ఆయన నవ్వి, ప్రాసలో ఒక మాట విసిరాడు. ఏమన్నాడో ఇక్కడ రాయను, రాస్తే మీరూ నవ్వుతారు. యాంకర్ నవ్వాడు, నాయిన నవ్వాడు, నేనూ నవ్వాను. ఆవిడ ఒక్క సెకను తడబడింది. అయిపోయింది. నేను ఆయనకు 9 వేశాను. ఆ నెలలో నేనేసిన పెద్ద స్కోరు అదే.

స్క్రీన్ కింద మూలన ఇంకో కిటికీ ఉంది. అందులో ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్. ఇంటి నుంచి ఫోన్‌లో మాట్లాడుతున్నట్టున్నాడు, వెనకాల బీరువా కనిపిస్తోంది. నెట్ ఆగి ఆగి వస్తోంది. "టోకెన్లు ఇచ్చారు సార్... డబ్బులు మాత్రం..." అంటుండగానే మిగతా ఇద్దరూ అందుకున్నారు. ఆయనకు నేను 3 వేశాను. గొంతు లేదు, పంచ్ లేదు.

బ్రేక్ వచ్చింది. నేనూ నాయినా మార్కులు చూసుకుంటున్నాం. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగింది.

"ఏందే, నీ సర్టిఫికెట్లు ఎప్పుడిస్తరట?"

నేను నాయిన మొహం చూశాను. ఆయన కంచంలోకి చూశాడు.

"చెప్పలే అమ్మా."

"గంటసేపటి సంది గదే ముచ్చట జెప్తున్నరు గదా. ఎవ్వలు జెప్పలేదా?"

ఎవ్వరూ చెప్పలేదు. అంతకంటే ఘోరం, ఎవరూ చెప్పలేదని మేమిద్దరం గమనించలేదు. ఆ డబ్బు మాది. ఆగిపోయింది నా ఉద్యోగం. అయినా నేను ప్రాసకు నవ్వి 9 మార్కులు వేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. యూట్యూబ్‌లో అదే డిబేట్ మళ్లీ పెట్టి ఇయర్‌ఫోన్స్‌తో మొదట్నుంచీ విన్నాను. మొత్తం బకాయి ఎంతనే దాని మీద ఇద్దరూ రెండు వేర్వేరు అంకెలు చెప్పారు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో ఇద్దరూ చెప్పలేదు. ఎప్పుడు విడుదల చేస్తారన్న ప్రశ్న యాంకర్ వేసినట్టే వేసి, జవాబు రాకముందే వేరేవాళ్ల వైపు తిరిగాడు. పనికొచ్చే మాట ఒక్కటే ఉంది. అది ఆ మూల కిటికీలో లెక్చరర్ చెప్పిన టోకెన్ల సంగతి.

అదేంటో తర్వాత కనుక్కున్నాను. బిల్లు ఓకే అయితే ట్రెజరీ నుంచి టోకెన్ నంబర్ వస్తుంది. టోకెన్ వచ్చిందంటే డబ్బు వచ్చిందని కాదు, లైన్లో నిలబడ్డామని. ఖజానా నుంచి విడుదలైనప్పుడే అది ఖాతాలో పడుతుంది. అంటే "మంజూరు చేశాం" అన్నవాళ్లూ, "ఒక్క రూపాయి రాలేదు" అన్నవాళ్లూ ఇద్దరూ ఒకేసారి నిజమే చెబుతూ ఉండొచ్చు. నాలుగేళ్లు ఈ పథకం మీద చదివిన నాకు ఆ రోజు వరకూ ఈ ముక్క తెలియదు. తెలిసిన ఒక్క మనిషికి నేను 3 మార్కులు వేశాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చిందని కూడా ఆ తర్వాతే తెలిసింది. ఆ మాట ప్యానెల్‌లో ఎవరూ ఎత్తలేదు.

మార్కులు తప్పుగా వేసేది మనమొక్కరమే కాదు లెండి. 1960 సెప్టెంబర్ 26న అమెరికాలో కెన్నెడీ, నిక్సన్ మొదటిసారి టీవీ డిబేట్‌లో ఎదురెదురు నిలబడ్డారు. నిక్సన్ అప్పటికి కొద్ది రోజుల ముందే మోకాలి ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. కెన్నెడీ ఎండలో తిరిగొచ్చిన రంగుతో నిగనిగలాడుతున్నాడు. టీవీలో చూసినవాళ్లు కెన్నెడీ గెలిచాడన్నారని, రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడన్నారని ఇప్పటికీ చెబుతుంటారు. ఆ రేడియో సర్వేలో అడిగింది చాలా కొద్దిమందిని కాబట్టి అది గట్టి రుజువు కాదని పరిశోధకులు అంటారు. నాకు నచ్చింది ఈ రెండో భాగమే. ఎవరు గెలిచారన్న కథ కూడా పంచ్ డైలాగ్ లాంటిదే. బాగుంటే చాలు, చూసుకోకుండా ముందుకు పంపేస్తాం.

అలాగని మనిషి కనిపించే తీరుకి విలువే లేదని నేననను. 2024 జూన్ 27 డిబేట్‌లో బైడెన్ మాటలు తప్పిపోవడం ప్రపంచమంతా చూసింది. జూలై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నాడు. అధ్యక్షుడు కావాలనుకునే మనిషి ఒత్తిడిలో ఎలా ఉంటాడో చూడటం కూడా అవసరమే. కానీ మన స్టూడియోలకు వచ్చేది ఎక్కువగా నిర్ణయాలు తీసుకునేవాళ్లు కాదు, వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు. వాళ్ల పనే మాట్లాడటం. వాళ్లు బాగా మాట్లాడితే మనకు తెలిసేది ఆ పార్టీ మంచి వక్తను పెట్టుకుందని మాత్రమే.

ఇంకో సంగతి. వాళ్లు మాట్లాడేది మనతో అనుకుంటాం. వాళ్లకు ముందు కనపడాల్సింది పార్టీ ఆఫీసులో కూర్చుని చూసే పెద్దలకు. తర్వాత కావాల్సింది అర నిమిషం క్లిప్. "దిమ్మతిరిగే కౌంటర్" అని థంబ్‌నెయిల్ పెడితే దాన్ని నొక్కేది ఎవరు? నేనే. స్టేటస్ పెట్టేది ఎవరు? నేనే. "తేదీ చెబుతాను, రాసుకోండి" అన్న క్లిప్‌కు ఎన్ని వ్యూస్ వస్తాయో మీరే చెప్పండి. కరెంటు బిల్లు వెనక నేనేసే మార్కులు ఎవరికీ చేరవు గానీ, నా బొటనవేలు వేసే మార్కులు రోజూ చేరుతున్నాయి.

అందుకని రూల్స్ మార్చాను. గొంతు, పంచ్, నోరు మూయించడం అన్నీ కొట్టేశాను. ఇప్పుడు అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు. అడిగినదానికే జవాబు చెప్పారా? అంకె చెబితే అది ఏ ఏడాదిదో చెప్పారా? ఎవరు, ఎప్పటిలోగా చేస్తారో చెప్పారా? తమవాళ్ల తప్పు ఒక్కటైనా ఒప్పుకున్నారా? బాధపడుతున్న మనిషి లైన్లో ఉంటే మాట్లాడనిచ్చారా?

మొదటి వారం మా ఇంట్లో పెద్ద గొడవే. నాయినకు ఇష్టమైన నాయకుడికి 2 వచ్చాయి. "గాయన గింత బాగ మాట్లాడితే రెండేందే?" అని రిమోట్ పక్కన పడేశాడు. "ఏం చెప్పిండో నువ్వు చెప్పు నాయినా, ఇంకో రెండు కలుపుత" అన్నాను. చాలాసేపు ఆలోచించాడు. "మంచిగనే జెప్పిండు గని..." అని ఆగిపోయాడు. మర్నాటి నుంచి ఆయనా కొత్త రూల్స్‌కి వచ్చాడు. వాళ్లవాళ్లకు ఒక మార్కు ఎక్కువ వేయడం మాత్రం మానలేదు. పర్లేదు, నాకూ నా పిచ్చి ఉంది.

ఒక రాత్రి ఒక పార్టీ కుర్ర ప్రతినిధి "ఆ లెక్క నా దగ్గర లేదండీ, కనుక్కుని రేపు చెబుతాను" అన్నాడు. పక్కనున్న పెద్దాయన వెంటనే వెక్కిరించాడు. పాత రూల్స్‌లో అయితే అతను ఓడిపోయినట్టే. మేం 6 వేశాం. మర్నాడు అదే చానెల్ పెట్టుకుని కూర్చున్నాం. అతను రాలేదు, లెక్కా రాలేదు. నాయిన బిల్లు తీసుకుని 6 కొట్టేసి 4 చేశాడు. "మాటిచ్చి తప్పిండు" అన్నాడు. డిబేట్ మర్నాటికి కూడా మార్కులు మార్చొచ్చని నాకు అప్పుడే తట్టింది.

నా సర్టిఫికెట్ల సంగతి అడుగుతారేమో. నాయిన చిట్టీ పాట పాడి, తక్కువకే ఎత్తుకుని 70 వేలు కట్టాడు. నేను కాలేజీకి వెళ్లి ఒరిజినల్స్ తెచ్చుకునే సరికి ఆ కంపెనీ వాళ్లు నా జాగాలో వేరేవాళ్లను తీసుకున్నారు. నాలుగు నెలల తర్వాత ఇంకోచోట, తక్కువ జీతానికి చేరాను. కాలేజీ వాపస్ ఇస్తానన్న డబ్బు ఇంకా రాలేదు. చిట్టీ కిస్తీలు నెలనెలా నా జీతంలోంచే పోతున్నాయి.

ఇప్పుడు వారాంతాల్లోనే ఊరికి వెళుతున్నాను. మిగతా రోజుల్లో నేను హాస్టల్‌లో, నాయిన ఇంట్లో, ఒకే డిబేట్ చూస్తూ మార్కులు వాట్సాప్ చేసుకుంటాం. ఆయనకు టైపింగ్ రాదు, వాయిస్ మెసేజ్ పెడతాడు. మొన్న వచ్చిన దాంట్లో వెనక నుంచి అమ్మ గొంతు కూడా పడింది. ఆవిడకు రూల్స్ తెలియవు, పార్టీలు పట్టవు. నాయిన మార్కులు చదువుతుంటే మధ్యలో అడుగుతోంది.

"గదంత సరే గని, పైసలు ఎప్పుడేస్తరో జెప్పిన్రా?"