విచారణలో అడగని ప్రశ్న

న్యూయార్క్ నగరపు బ్రూక్లిన్‌లో రెడ్ హుక్ అనే పేద వాడ ఉంది. 1992లో, బడి విడిచి వెళ్ళిపోయిన విద్యార్థిని వెతుకుతూ బయలుదేరిన ప్రధానోపాధ్యాయుడు పాట్రిక్ డేలీ అక్కడ మాదకద్రవ్యాల ముఠాల కాల్పుల్లో చిక్కి మరణించారు. 2000లో, మూతపడిన ఒక పాఠశాల భవనంలోనే ఆ వాడకు సామాజిక న్యాయస్థానం వెలిసింది.

నేరం, కుటుంబ కలహం, ఇంటి తగాదా మూడింటినీ అక్కడ ఒకే న్యాయమూర్తి విచారిస్తారు. కనుక దొంగతనం వెనుక మత్తు వ్యసనమో, ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసో ఉంటే ఆయన దృష్టికి వస్తుంది. వ్యసన చికిత్సకు, ఉపాధికి దారి చూపేవారు ఆ భవనంలోనే ఉంటారు. ఇది ఉదారంగా వదిలివేయడం కాదు. ఆదేశం మీరితే జైలు ఉండనే ఉంది. సాధారణ న్యాయస్థానానికి వెళ్ళినవారికంటే ఇక్కడికి వచ్చిన వయోజనులు మళ్ళీ నేరం చేసే అవకాశం 10 శాతం, బాలలు చేసే అవకాశం 20 శాతం తక్కువని 2013 నాటి అధ్యయనం తేల్చింది. అద్భుతమేమీ కాదు. అయితే ఆ కొద్దిమందిలో తన బిడ్డ ఉన్న తల్లికి అది చిన్న సంఖ్యా?

మా వీధిలో మత్తుకు బానిసైన ఒక యువకుడు మూడుసార్లు జైలుకు వెళ్ళాడు. ఈ అలవాటు ఎలా అబ్బిందని ఒక్కసారీ ఎవరూ అడగలేదు. వచ్చే గురువారం విడుదలవుతాడు. ఆలోగా చికిత్సకు ఎక్కడైనా చోటు దొరుకుతుందేమోనని అతని తల్లితో కలిసి మేము తిరుగుతున్నాము.