పొగ లేని చోట నిప్పు

పర్వతం మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నదని ఊహించడాన్ని మన తార్కికులు అనుమాన ప్రమాణమన్నారు. అంతర్జాల చిరునామా ఏ ఊరిదో తేల్చే ఒక పద్ధతీ ఇటువంటిదే. ఆ చిరునామాలోని యంత్రాన్ని పలకరించి, జవాబు రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని అంచనా వేస్తారు. ఎవరూ వాడని చిరునామా పలకదు. అక్కడ పొగ లేదు. ఇక ముఖ్యంగా మిగిలేది, అది ఏ సంస్థ పేరిట నమోదైనదో చెప్పే పత్రం. అదైనా కార్యాలయాన్ని చెబుతుంది గాని యంత్రపు ఉనికిని చెప్పదు.

దేశం పేరు తప్ప మరేమీ తేలకపోతే? అమెరికాలో ఒక సంస్థ అటువంటి చిరునామాలన్నిటికీ దేశమధ్యాన ఒకే బిందువును కేటాయించింది. 60 కోట్లకు పైగా చిరునామాలు అక్కడ చేరాయి. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో, పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గరి పొలంలో పడింది. ఎక్కడో జరిగిన మోసాలకు దొంగలను వెతుకుతూ పోలీసులు ఏళ్ల తరబడి అక్కడి ఇంటి తలుపు తట్టారు. 2016లో సంగతి బయటపడ్డాక బిందువును ఒక జలాశయం నడుమకు జరిపారు.

"ఈ దేశంలో ఎక్కడో" అని చెప్పవలసిన గుర్తును చూసినవారు "ఈ ఇంట్లోనే" అని చదువుకున్నారు. హేతువు లేనప్పుడు తెలియదని ఊరుకోవడం తార్కికుల మర్యాద. ఆ ఒక్క మాటకు పటంలో చోటు లేకపోయినందుకు నిరపరాధులు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.