గుత్తి నీలం ఇల్లు మారాలంటే

గుత్తి అంటే మనకు కోట గుర్తొస్తుంది, లేదంటే రైల్వే జంక్షన్. విదేశాల్లో సాలీళ్లు పెంచేవాళ్లకు మాత్రం ఒక నీలి టరాంటులా గుర్తొస్తుంది. వాళ్లు దాన్ని 'గుత్తి సఫైర్' అంటారు. శాస్త్రీయ నామం పోయిసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీని గురించి మొదట రాశాడు. ఆయన చూసిన సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది, అందుకే ఆ పేరు. అయితే దాని అసలు ఊరు గుత్తి కాదు, దుంగలతో పాటు రైలెక్కి వచ్చి అక్కడ దిగి ఉంటుందని చెబుతారు. మళ్లీ అడవిలో కనబడటానికి వందేళ్లు పట్టింది. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది.

మాది అహోబిలం. ఆ అడవీ మా అడవీ ఒకటే నల్లమల. అయినా నేను దీన్ని మొదట చూసింది జర్మనీలో, అద్దె ఫ్లాట్‌లో, ప్లాస్టిక్ డబ్బాలో! పక్కగది కుర్రాడు పెంచుతున్నాడు. అక్కడే ఒక బ్రీడర్ దగ్గర పుట్టిన పిల్ల. "ఇది మీ వైపుదే కదా" అన్నాడు. నాకు నవ నారసింహుల పేర్లు వరుసగా వచ్చు గానీ, దీని పేరు వినడం అదే మొదలు.

అది పెరిగింది. ఇల్లు చాలడం లేదు. పెద్ద డబ్బాలోకి మార్చాలి.

చాలా అమెరికా టరాంటులాలు దురద పుట్టించే నూగు విసురుతాయి. మన దానికి ఆ ఆయుధం లేదు. ఉన్నవి రెండే: పరుగు, కోరలు. కాటుతో మనిషి చచ్చిపోయిన దాఖలా లేదు గానీ నొప్పి మామూలుగా ఉండదు, కొందరికి రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. అలాగని మీద పడి కరిచే రకం కూడా కాదు. ముందు పారిపోవాలనే చూస్తుంది. దారి లేకపోతేనే ముందు కాళ్లు ఎత్తి నిలబడుతుంది. సమస్యంతా ఆ పరుగుతోనే. రెప్ప వేసేలోపు పట్టకారు మీదుగా మోచేతి దాకా వచ్చేయగలదు. మనం ఉలిక్కిపడి చెయ్యి విదిలిస్తే కిందపడి దాని పొట్ట పగిలిపోవచ్చు. అంటే ప్రమాదం ఇద్దరికీ.

మా ఆఫీసులో రిలీజ్ ముందు రోల్‌బ్యాక్ ప్లాన్ రాసుకుంటాం. ఆ కుర్రాడు అచ్చం అదే చేశాడు. మూత తీయకముందే సగం రోజు అయిపోయింది. సాలీడు కుబుసం విడిచే రోజులు కావని ముందే చూసుకున్నాడు. ఇది రాత్రి తిరిగే జీవి కాబట్టి మధ్యాహ్నం ఎంచుకున్నాడు. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కాడు. పని మొత్తం నేల మీదే, టేబుల్ మీద కాదు. పెద్ద పారదర్శకమైన టబ్బులో పాత డబ్బా, కొత్త డబ్బా రెండూ పక్కపక్కన పెట్టాడు. తప్పించుకున్నా టబ్బులోనే ఉండాలని. నా డ్యూటీ ఒక్కటే: ఖాళీ డబ్బా పట్టుకుని చూస్తూ ఉండటం.

అసలు కిటుకు ఏంటంటే సాలీడును పట్టుకోకపోవడం. అది బెరడు గొట్టంలో పడుకుంటుంది. గొట్టం రెండు చివర్లా టిష్యూ కాగితం ఉండచుట్టి పొడవాటి పట్టకారుతో మూసి, గొట్టంతో సహా కొత్త ఇంట్లో పెట్టేస్తే సరి. సామానుతో పాటు కాపురాన్నీ ఎత్తుకెళ్లడం అన్నమాట.

ఒక చివర మూశాడు. రెండో చివర మూయబోతుంటే సగం బయటికొచ్చింది. స్తంభంలోంచి నరసింహుడు వచ్చినట్టు! అతను చెయ్యి ఆపేశాడు. నేను ఊపిరి ఆపేశాను. వెలుగు పడి కాళ్లు నీలంగా మెరిశాయి. ఆ నీలం రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు, వెంట్రుకల్లోని సూక్ష్మ నిర్మాణం వెలుగును తిప్పికొట్టడం వల్ల వచ్చేది. ఊదలేదు, తట్టలేదు. కాసేపటికి అతను మెత్తటి పెయింట్ బ్రష్‌తో వెనక కాలిని అలా తాకాడు. టబ్బు గోడ వెంట రెండు చుట్లు తిరిగి, చీకటిగా ఉన్న కొత్త డబ్బాలోకి తనే దూరింది. మూత పడింది. నీళ్లు పెట్టి, వారం దాకా తిండి వేయకుండా వదిలేశాడు.

చేతి మీద ఎక్కించుకుని రీల్స్ తీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దానికి మన ప్రేమ అక్కర్లేదు, దారి చాలు.

అడవిలో మాత్రం దానికి దారులు తక్కువ. ముదురు చెట్ల తొర్రలే దాని ఇళ్లు, ఆ చెట్లే కలపకీ వంటచెరకుకీ పోతున్నాయి. తెలిసిన ఆవాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. 2008లో ఐయూసీఎన్ దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల్లో చేర్చింది. 2019లో ఈ జాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్‌లోకి వచ్చింది. కాబట్టి ఇది చదివి ఎవరూ టార్చి పట్టుకుని నల్లమలకు బయల్దేరకండి.

అమ్మకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. "ఏమిరా, చెప్పుతో ఒకటేస్తే పోయేదానికి ఇద్దరు మగోళ్లు అరపూట కూసున్యారా?" అంది. ఇంట్లో వచ్చే మామూలు సాలీళ్లకు డబ్బా బోర్లించి, కింద నుంచి పెళ్లిపత్రిక అట్ట జరపమన్నాను. మా ఇంట్లో పెళ్లిపత్రికలకు కరువు లేదు.

పోయిన వారం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పత్రిక మీద బోర్లించిన హార్లిక్స్ సీసా, లోపల అరచేయంత సాలీడు. కింద వాయిస్ మెసేజ్: "పట్టినా. ఇప్పుడు దీన్ని యాడ వదల్ల రా?"

దొడ్లో చింతచెట్టు మొదట్లో వదలమన్నాను.